హోస్టులు మారాయి సరే, పాత వీఎంలలో మీరేం మార్చారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మూడు హోస్టులని (వీఎంలు, అంటే వర్చువల్ మెషిన్లు, నడిచే అసలు సర్వర్లని) వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ 6.5 నుంచి ముందు 7.0కి, అక్కడి నుంచి 8.0కి తీసుకెళ్లారు. ఈమధ్య తయారుచేసిన వీఎంలన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. పాతవి నాలుగు మాత్రం మొరాయిస్తున్నాయి. విండోస్ సర్వర్ 2003 బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయి స్టాప్ 7బి అంటోంది. సెంట్ఓఎస్ 6 వీఎం ఇన్వెంటరీలో 'ఇన్‌వాలిడ్' అని కనబడితే తీసేసి మళ్లీ రిజిస్టర్ చేశారు. ఇప్పుడు బూట్ అవుతోంది గానీ నెట్‌వర్క్ లేదు. సర్వర్ 2008 ఆర్2లో కొత్త వీఎంవేర్ టూల్స్ (వీఎం లోపల వేసే డ్రైవర్ల ప్యాకేజీ) ఎక్కడం లేదు, పైగా నత్తనడక. నాలుగోది విండోస్ 2000, అసలు పవర్ ఆనే అవ్వడం లేదు. వీటి మధ్యలో ఒక వాక్యం తేలిగ్గా రాసేశారు: పనిలో పనిగా అన్ని వీఎంల వర్చువల్ హార్డ్‌వేర్ కూడా అప్‌గ్రేడ్ చేసి, పాత అడాప్టర్లు తీసి కొత్తవి పెట్టామని. నా సమాధానంలో సగానికి పైగా ఆ 'పనిలో పనిగా' గురించే.

ముందు ఒక పని చేయండి. ఆ నాలుగింటినీ మళ్లీ మళ్లీ పవర్ ఆన్ చేసి చూడటం ఇప్పుడే ఆపండి. ప్రతి వీఎం ఫోల్డర్‌లో వీఎంవేర్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. వీఎం పవర్ ఆన్ అయిన ప్రతిసారీ తన కాన్ఫిగరేషన్ మొత్తాన్ని 'డిక్ట్' అని మొదలయ్యే వరుసల్లో ఆ లాగ్‌లో రాసుకుంటుంది. తర్వాతి పవర్ ఆన్‌లో ఆ ఫైలు పేరు పక్కన ఒక నంబరు చేరి పాత కాపీ అవుతుంది, కొత్త లాగ్ మొదలవుతుంది. పాత కాపీలను కొద్దిగానే దాచుతుంది, మిగతావి చెరిపేస్తుంది. అంటే మీ అప్‌గ్రేడ్‌కు ముందు ఆ వీఎంకి ఏ స్కజీ కంట్రోలర్ (డిస్కుల్ని కలిపేది) ఉండేది, ఏ నెట్‌వర్క్ అడాప్టర్ ఉండేది, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) ఏమిటి, యూయూఐడీ (వీఎం గుర్తింపు సంఖ్య) ఏమిటి అన్న వివరాలన్నీ ఆ పాత లాగుల్లో ఇప్పటికీ ఉండే అవకాశం ఉంది. 'ఇంకోసారి చూద్దాం' అని మీరు నొక్కే ప్రతి పవర్ ఆన్‌తో ఆ ఆధారం ఒక మెట్టు కిందికి జారి, చివరికి పోతుంది. డేటాస్టోర్ (వీఎం ఫైళ్లు ఉండే నిల్వ) బ్రౌజర్‌లోకి వెళ్లి నాలుగు ఫోల్డర్ల నుంచి లాగులన్నీ, వీఎం సెట్టింగులుండే వీఎంఎక్స్ ఫైలుతో సహా, మీ కంప్యూటర్‌కి దించుకోండి. మిగతా సమాధానం ఆ తర్వాత చదవండి.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక బిల్లింగ్ సర్వర్ ఉండేది, అదీ 2003 మీదే. మీలాగే ఓ రాత్రి అన్నీ కలిపి మార్చేశాను. పొద్దున్నే సాఫ్ట్‌వేర్ లైసెన్సు చెల్లదంది. ఆ లైసెన్సు మ్యాక్ అడ్రస్‌కి కట్టేసి ఉంది, ఇచ్చిన కంపెనీ మూతపడి ఏళ్లయింది. పాత మ్యాక్ ఎవరూ రాసిపెట్టలేదు. కంగారులో ఆ వీఎంని నాలుగుసార్లు ఆపి మొదలెట్టాను కూడా. చివరికి మిగిలిన ఒకే ఒక్క పాత లాగ్‌లో ఆ అడ్రస్ దొరికింది. ఇంకో రెండుసార్లు రీస్టార్ట్ చేసి ఉంటే అదీ ఉండేది కాదు. అప్పట్నుంచి నేను పాత వీఎం మీద చెయ్యి వేసే ముందు మొదట లాగులు కాపీ చేస్తాను, స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణపు స్థితిని దాచడం) ఆ తర్వాతే.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి మార్పులో కదిలేవి మూడు అంచెలు. కింద హోస్ట్. మధ్యలో వీఎంకి మనం చూపించే వర్చువల్ హార్డ్‌వేర్. పైన ఆ వీఎంలో నడిచే ఆపరేటింగ్ సిస్టం, అందులోని డ్రైవర్లు. హోస్టుని 8.0కి తీసుకెళ్తే కింది అంచె మాత్రమే మారుతుంది. మధ్య అంచె మనం మారిస్తేనే మారుతుంది. ఈఎస్ఎక్స్ 4 కాలంలో తయారైన వీఎం హార్డ్‌వేర్ వెర్షన్ 7తో పుట్టింది, 5.5లో తయారైతే 10, 6.0 అయితే 11, 6.5 అయితే 13, 7.0 అయితే 17, 8.0 అయితే 20. ఆ వెర్షన్ 7 వీఎంని 8.0 హోస్ట్ మీద పెట్టినా అది తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. దానికి కనిపించే మదర్‌బోర్డు, కంట్రోలర్, సీపీయూ ఫీచర్ల హద్దు అన్నీ పాతవే. కొత్త హోస్టుకీ పాత గెస్టుకీ (వీఎం లోపలి ఓఎస్‌కీ) మధ్య గొడుగులా పనిచేసేది ఆ వెర్షన్ నంబరే. హోస్టులన్నిటినీ నిర్వహించే వీసెంటర్‌లో 'అప్‌గ్రేడ్ అందుబాటులో ఉంది' అని కనబడగానే నొక్కేస్తే మనమే ఆ గొడుగు తీసేసినట్టు. 2003కి వెర్షన్ 20 ఇస్తే దానికి కలిసొచ్చేది ఏమీ లేదు, ఆ ఫీచర్లు వాడుకోవడం దానికి తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

2003 సంగతి. స్టాప్ 7బి అంటే బూట్ డిస్క్ తనకు అందడం లేదని విండోస్ చెప్పడం. డిస్క్‌లో డేటా పోయిందని దాని అర్థం కాదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. లోడర్ దాకా బయాస్ సాయంతో బాగానే చదువుతుంది; కెర్నల్ పగ్గాలు తీసుకుని సొంత డ్రైవర్‌తో డిస్క్‌ని చూడబోయే క్షణంలో అక్కడ తను ఎరిగిన కంట్రోలర్ ఉండదు. 2003తో పాటే వచ్చే డ్రైవర్ ఎల్ఎస్ఐ లాజిక్ ప్యారలల్‌ది. మీరు దాన్ని ఎల్ఎస్ఐ సాస్‌గానో, పారావర్చువల్ స్కజీగానో మార్చి ఉంటారు. పాత లాగ్ తెరిచి స్కజీ0 వర్చువల్‌డెవ్ అన్న వరుస చూడండి. అక్కడ ఎల్ఎస్ఐలాజిక్ అని ఉంటే ప్యారలల్, చివర సాస్1068 అని ఉంటే సాస్, బస్‌లాజిక్ అని ఉంటే అదే. వీఎంని పూర్తిగా పవర్ ఆఫ్ చేసి, ఎడిట్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ రకాన్ని లాగ్‌లో ఉన్నదానికి తిప్పండి. పదింట తొమ్మిదిసార్లు అక్కడితో బూట్ అవుతుంది. వీఎం ఐడీఈ డిస్క్‌తో నడిచేదైతే మాత్రం కంట్రోలర్ మార్చినంత మాత్రాన సరిపోదు. వీఎండీకే (వర్చువల్ డిస్క్) వివరాల ఫైలులో అడాప్టర్ టైప్ అని ఒక వరుస ఉంటుంది, అది కూడా పాత విలువకే రావాలి. ఆ ఫైలు తాకేముందు కాపీ తీసుకోండి.

నిజంగానే కంట్రోలర్ మార్చక తప్పని అవసరం ఉంటే, దానికి తిన్నని దారి ఒకటుంది. బూట్ డిస్క్‌ని పాత కంట్రోలర్ మీదే ఉంచి, కొత్త రకం కంట్రోలర్ ఒకటి చేర్చి, దానికి ఒక 1 జీబీ ఖాళీ డిస్క్ తగిలించండి. విండోస్ బూట్ అయ్యి ఆ కంట్రోలర్‌ని గుర్తించి డ్రైవర్ వేసుకుంటుంది. తనకు లేకపోతే అడుగుతుంది, మీరివ్వాలి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు లేకుండా కనబడ్డాక ఆపి, ఖాళీ డిస్క్ తీసేసి, బూట్ డిస్క్‌ని కొత్త కంట్రోలర్‌కి మార్చండి. మీరు చేసింది ఈ మధ్య మెట్టు ఎగ్గొట్టి ఒకేసారి దూకడం.

కంట్రోలర్ వెనక్కి తిప్పినా 7బి వస్తుంటే, అప్పుడు హార్డ్‌వేర్ వెర్షన్ సంగతి చూడాలి. దాన్ని కిందికి దించే బటన్ ఎక్కడా లేదు. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్ ఉంటే దానికి వెనక్కి వెళ్లొచ్చు, పాత వెర్షన్ కూడా దాంతోపాటే తిరిగొస్తుంది. కానీ అప్పటినుంచి చేరిన డేటా పోతుంది. మీ 2003 అప్‌గ్రేడ్ నాటి నుంచి బూటే కాలేదు కాబట్టి మీకు పోయేది ఏమీ లేదు, అది ఒక అదృష్టం. స్నాప్‌షాట్ లేకపోతే కొత్త వీఎం తయారుచేస్తూ, కంపాటిబిలిటీ అడిగే చోట జాబితాలో కిందికి వెళ్లి పాత వెర్షన్ ఎంచుకుని, కొత్త డిస్క్ చేర్చకుండా పాత వీఎండీకే కాపీని తగిలించండి. కాపీనే సుమా, అసలుది కాదు. కంట్రోలర్, అడాప్టర్, మ్యాక్, సీపీయూల సంఖ్య అన్నీ లాగ్‌లో ఉన్నట్టే పెట్టండి. ఇంత మారితే 2003 కొత్త మెషిన్‌గా భావించి మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

బూట్ అయ్యాక ఇంకో చిన్న తలనొప్పి ఉంటుంది. నెట్‌వర్క్ అడాప్టర్ మారింది కాబట్టి స్టాటిక్ ఐపీ పోయి ఉంటుంది. తిరిగి ఇవ్వబోతే 'ఈ ఐపీ ఇప్పటికే వేరే అడాప్టర్‌కి ఉంది' అంటుంది, ఆ వేరే అడాప్టర్ ఎక్కడా కనబడదు. అది తీసేసిన పాత కార్డు తాలూకు దెయ్యం. కమాండ్ ప్రాంప్ట్‌లో డెవ్‌ఎంజీఆర్_షో_నాన్‌ప్రెజెంట్_డివైసెస్ అనే వేరియబుల్‌ని 1 చేసి, అదే ప్రాంప్ట్ నుంచి డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో దాచినవి చూపించమంటే వెలిసిపోయినట్టుండే పాత కార్డు కనబడుతుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఐపీ తీసుకుంటుంది.

సెంట్ఓఎస్ 6 దగ్గర జరిగిన కథ నేను ఊహించగలను. అప్‌గ్రేడ్ తర్వాత హోస్ట్ లేచేసరికి డేటాస్టోర్ ఇంకా అందలేదు, వీఎంఎక్స్ చదవలేక ఇన్‌వాలిడ్ అని పెట్టింది. మీరు ఇన్వెంటరీ నుంచి తీసి మళ్లీ రిజిస్టర్ చేశారు. పవర్ ఆన్ చేయగానే ఒక ప్రశ్న వచ్చింది: దీన్ని మూవ్ చేశారా, కాపీ చేశారా? కాపీ అని నొక్కారు. అందరూ అదే నొక్కుతారు, ఏది సురక్షితమో తెలియనప్పుడు కాపీ అనే మాట మెత్తగా వినబడుతుంది. కానీ కాపీ అంటే 'ఇది వేరే మెషిన్, కొత్త గుర్తింపు ఇవ్వు' అని చెప్పినట్టు. యూయూఐడీ మారింది, మ్యాక్ అడ్రస్ మారింది. తీసి మళ్లీ పెట్టిన వీఎంకి సరైన జవాబు ఎప్పుడూ 'మూవ్ చేశాను' అనేదే. ఇంకోసారి ఇన్‌వాలిడ్ కనబడితే, ముందు డేటాస్టోర్ అందుతోందో లేదో చూసి, హోస్ట్ షెల్‌లో విమ్-సీఎండీ వాడి ఆ వీఎంని రీలోడ్ చేయండి. చాలాసార్లు తీసి పెట్టే అవసరమే రాదు.

మ్యాక్ మారితే సెంట్ఓఎస్ 6 ఏం చేస్తుందంటే, తను ఇదివరకు చూసిన కార్డులకు పేర్లు రాసిపెట్టుకున్న ఒక ఫైలు ఉంది, యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లో 70-పర్సిస్టెంట్-నెట్ అని. అందులో ఈటీహెచ్0 పేరు పాత మ్యాక్‌కి రిజర్వ్ అయి ఉంటుంది. కొత్త మ్యాక్‌తో వచ్చిన కార్డుకి ఈటీహెచ్1 అని పేరు పెడుతుంది. మీ ఐపీ సెట్టింగులేమో ఐఎఫ్‌సీఎఫ్‌జీ-ఈటీహెచ్0 ఫైలులో, అందులోనూ హెచ్‌డబ్ల్యూఏడీడీఆర్ అని పాత మ్యాకే రాసి ఉంది. కార్డు ఉంది, సెట్టింగు ఉంది, రెండూ కలవవు. నేనైతే ఆ ఫైళ్లని దిద్దను. పాత మ్యాక్ ఆ రెండు ఫైళ్లలోనూ కళ్లెదుటే ఉంది కదా, వీఎం ఆపి, అడాప్టర్ సెట్టింగుల్లో మ్యాక్‌ని మాన్యువల్ చేసి అదే అడ్రస్ పెట్టేస్తాను. గెస్ట్ లోపల ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, మ్యాక్‌కి కట్టిన లైసెన్సులూ ఫైర్‌వాల్ రూల్స్ కూడా బతుకుతాయి. పాత అడ్రస్ 00:50:56తో మొదలైతే వీసెంటర్ ఇచ్చినది, 00:0సి:29తో మొదలైతే హోస్ట్ సొంతంగా తయారుచేసినది. రెండో రకాన్ని మాన్యువల్‌గా ఇస్తే ఒక్కోసారి ఒప్పుకోదు. అప్పుడు గెస్ట్ లోపలి ఫైళ్లు దిద్దడమే మార్గం: యూడెవ్ ఫైలులో పాత వరుస తీసేసి, కొత్త వరుసలో ఈటీహెచ్1ని ఈటీహెచ్0 చేసి, ఐఎఫ్‌సీఎఫ్‌జీలో మ్యాక్ మార్చి రీబూట్.

అడాప్టర్ రకాన్ని వీఎంవేర్ సొంత వీఎంఎక్స్‌నెట్3కి మార్చి ఉన్నా సెంట్ఓఎస్ 6కి ఇబ్బంది లేదు. ఆ డ్రైవర్ లినక్స్ కెర్నల్ 2.6.32లో చేరింది, దీని కెర్నల్ అదే. సెంట్ఓఎస్ 5 ఎక్కడైనా ఉంటే మాత్రం జాగ్రత్త, దాని మూల కెర్నల్ 2.6.18. దానికి ఈ1000 అడాప్టరే ఉంచండి. డిస్క్ కంట్రోలర్ విషయంలో కూడా 5 మొండిది: మోడ్‌ప్రోబ్ డాట్ కాన్ఫ్‌లో రాసిన డ్రైవర్లనే ఇనిట్ఆర్‌డీలో (బూట్ మొదట్లో లోడయ్యే ఇమేజ్‌లో) పెట్టుకుంటుంది, కంట్రోలర్ మారిస్తే రూట్ దొరక్క కెర్నల్ పానిక్. సెంట్ఓఎస్ 7 కూడా తనకు కనిపించిన హార్డ్‌వేర్‌కి సరిపడా డ్రైవర్లే పెట్టుకుంటుంది, కానీ బూట్ మెనూలో రెస్క్యూ అనే ఎంట్రీలో అన్నీ ఉంటాయి. దాంతో లేపి, డ్రాకట్‌తో మళ్లీ ఇమేజ్ కట్టుకుంటే సరిపోతుంది.

2008 ఆర్2లో టూల్స్. ఇది చాలామందిని రోజుల తరబడి తిప్పించిన సమస్య, కారణం మాత్రం చిన్నది. కొత్త డ్రైవర్లన్నీ షా-2 అనే కొత్త పద్ధతి డిజిటల్ సంతకంతో వస్తాయి. 2008 ఆర్2 పుట్టింది షా-1 కాలంలో. 2019లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ4474419, దాని ముందు వేయాల్సిన సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ కేబీ4490628, ఈ రెండూ లేని మెషిన్ ఆ సంతకాన్ని గుర్తించదు. ఇన్‌స్టాల్ సగంలో వెనక్కి పోతుంది, లేదా అయినట్టే అయి డివైస్ మేనేజర్‌లో కోడ్ 52 చూపిస్తుంది. సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూసి, లేకపోతే అది వేసి, ఆ రెండు అప్‌డేట్లూ వేసి, రీబూట్ చేసి అప్పుడు టూల్స్ ప్రయత్నించండి. సగం ఎక్కి మిగిలిన పాత టూల్స్‌ని ముందు పూర్తిగా తీసేయడం మంచిది. తీసేముందు లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే వీఎంఎక్స్‌నెట్3 డ్రైవర్ టూల్స్‌తోపాటే పోతుంది, నెట్‌వర్క్ లేకపోతే డొమైన్ లాగిన్ మీద భరోసా పెట్టుకోలేం.

మీ 2003కి, 2000కి ఈ కొత్త టూల్స్ ప్యాకేజీ ఎలాగూ పనికిరాదు. విస్టాకి ముందు కాలపు విండోస్‌లకు విన్‌ప్రీవిస్టా అనే వేరే ఐఎస్ఓ ఉంటుంది, దాని వరస 10.0.12 దగ్గరే ఆగిపోయింది. వీసెంటర్ పసుపు గుర్తు చూపిస్తూనే ఉంటుంది. చూపించనివ్వండి. ఇంకో మాట, ముందు ముందు పనికొస్తుంది: హార్డ్‌వేర్ వెర్షన్ మార్చక తప్పనిచోట వరస ఎప్పుడూ ముందు టూల్స్, తర్వాత హార్డ్‌వేర్. తలకిందులు చేస్తే కొత్త అడాప్టర్‌కి డ్రైవర్ లేక నెట్‌వర్క్ సెట్టింగులు పోతాయి.

2008 ఆర్2 నత్తనడకకి కారణం టూల్స్ ఒక్కటే కాకపోవచ్చు. అప్‌గ్రేడ్‌కు ముందు జాగ్రత్తగా తీసిన స్నాప్‌షాట్ ఇంకా అలాగే ఉందని నా పందెం. డేటాస్టోర్‌లో ఆ వీఎం ఫోల్డర్‌లో పేరు చివర 000001 లాంటి అంకెలున్న వీఎండీకేలు ఉన్నాయేమో చూడండి. స్నాప్‌షాట్ మేనేజర్ ఖాళీగా ఉన్నా ఈ ఫైళ్లుంటే కన్సాలిడేషన్ (వాటిని అసలు డిస్క్‌లో కలపడం) కాలేదని అర్థం. ఒక స్నాప్‌షాట్‌ని 72 గంటలు మించి ఉంచొద్దని, గొలుసులో రెండు మూడుకు మించొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా రాత్రిళ్లు తన స్నాప్‌షాట్లు తీస్తూ, అప్‌గ్రేడ్ తర్వాత చెరపలేక వదిలేస్తూ ఉండొచ్చు. కన్సాలిడేట్ చేసేముందు డేటాస్టోర్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకుని, రద్దీ లేని వేళలో మొదలుపెట్టండి. మధ్యలో శాతం కదలకపోతే భయపడి ఆపొద్దు.

స్నాప్‌షాట్లు లేవు, టూల్స్ ఉన్నాయి, అయినా నెమ్మది అంటే అప్పుడు సీపీయూ రెడీ (సీపీయూ కోసం వీఎం వేచి ఉండే సమయం) చూడండి. 6.5 హోస్టుకి ప్యాచ్‌లు వేయకుండా ఏళ్లు నడిపి ఉంటే, 2018లో బయటపడ్డ స్పెక్టర్, మెల్ట్‌డౌన్, ఎల్1 టెర్మినల్ ఫాల్ట్ లోపాలకు వేసిన రక్షణల బరువు మీకు ఇప్పుడే ఒక్కసారిగా తగులుతోంది. ఇక్కడ నా గొడుగు వాదనకి ఒక మినహాయింపు ఉంది. ఆ రక్షణల కోసం సీపీయూలో వచ్చిన ఫీచర్లు గెస్ట్‌కి కనబడాలంటే వెర్షన్ కనీసం 9 ఉండాలి, వాటి భారం తగ్గించే సౌకర్యాలు పూర్తిగా అందాలంటే 11. కాబట్టి ఇంకా ప్యాచ్‌లు అందుకుంటున్న గెస్ట్‌లని వెర్షన్ 7, 8 దగ్గర అట్టేపెట్టమని నేను చెప్పను. 2003 లాంటి ఆగిపోయిన వాటికే ఆ సలహా.

విండోస్ 2000 పవర్ ఆన్ అవ్వడం లేదన్నారు గానీ ఎర్రర్ ఏమిటో రాయలేదు. వీఎంఎక్స్ తెరిచి ముందు మానిటర్ డాట్ వర్చువల్_ఎగ్జెక్ అనే వరుస ఉందేమో చూడండి. పాత 32 బిట్ గెస్ట్‌లు వేగంగా నడవడానికి ఒకప్పుడు దాన్ని 'సాఫ్ట్‌వేర్' అని పెట్టేవాళ్లం. అంటే సీపీయూలోని వర్చువలైజేషన్ సాయం వాడకుండా, బైనరీ ట్రాన్స్‌లేషన్‌తో నడపమని. ఆ పద్ధతిని ఇచ్చిన ఆఖరి విడుదల 6.5. ఆ తర్వాతి వాటిలో అది లేదు. ఆ వరుస తీసేయండి. చేత్తో రాసిన సీపీయూఐడీ మాస్కులు (సీపీయూ ఫీచర్లు కొన్ని గెస్ట్‌కి దాచే వరుసలు) కూడా ఇలాంటివే, ఎప్పుడో ఎవరో ఎందుకో పెట్టి వెళ్లిపోయి ఉంటారు.

అది కాకపోతే మామూలు అనుమానితులు. ఇప్పుడు లేని డేటాస్టోర్‌లోని సీడీ ఇమేజ్‌కో, ఫ్లాపీ ఇమేజ్‌కో కట్టేసి ఉండటం. హోస్టుకి గుచ్చిన యూఎస్‌బీ డాంగిల్ పాస్‌త్రూ తెగిపోవడం. ఫైలు లాక్ అయిందని వస్తే వీఎంఎఫ్ఎస్-ఫైల్-లాక్-ఇన్ఫో సాధనంతో ఏ హోస్ట్ పట్టుకుందో మ్యాక్ అడ్రస్‌తో సహా తెలుస్తుంది. ఆ హోస్టులో ఆ వీఎం తాలూకు ప్రాసెస్ ఇరుక్కుని ఉంటుంది. 'పేరెంట్ డిస్క్ మారింది' అన్న ఎర్రర్ వస్తే మాత్రం ఏదీ దిద్దకండి, ఫోల్డర్ మొత్తం కాపీ తీసి ఆగండి. స్నాప్‌షాట్ గొలుసు తెగినప్పుడు తొందరపడి కలిపితే డేటా నిజంగానే పాడవుతుంది. ఈ పని మొత్తంలో నాకు భయం వేసేది ఈ ఒక్క ఎర్రర్‌తోనే.

మీరు అడగలేదు గానీ గడియారం కూడా ఒకసారి చూసుకోండి. టూల్స్‌లో టైమ్ సింక్ ఆపేశాం కదా అనుకుంటాం. కానీ స్నాప్‌షాట్ తీసినప్పుడు, సస్పెండ్ నుంచి లేచినప్పుడు, వీమోషన్ (నడుస్తుండగానే వేరే హోస్టుకి మారడం) అయినప్పుడు టూల్స్ ఒకసారి హోస్ట్ సమయాన్ని గెస్ట్‌కి ఇచ్చేస్తుంది, దాన్ని విడిగా ఆపాలి. అప్‌గ్రేడ్ తర్వాత ఒక హోస్టులో ఎన్‌టీపీ (గడియారం సరిచేసే) సెట్టింగు పోయి గంట తేడా వచ్చిందనుకోండి, ఆ హోస్ట్ మీదికి వీమోషన్ అయిన ప్రతి పాత వీఎం గంట అటో ఇటో దూకుతుంది. డొమైన్ లాగిన్లు చూసే కెర్బరోస్ మామూలుగా ఓర్చుకునేది 5 నిమిషాల తేడానే. లాగిన్లు ఆగిపోతే అందరూ డొమైన్ కంట్రోలర్ మీద పడతారు, హోస్ట్ గడియారం ఎవరికీ గుర్తుకు రాదు. నేనూ ఒక పూట అలాగే వెతికాను.

వేరే ప్లాట్‌ఫారం వాడేవాళ్లు ఇది చదువుతుంటే, పేర్లు వేరు గానీ కథ ఇదే. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో హార్డ్‌వేర్ వెర్షన్‌ని కాన్ఫిగరేషన్ వెర్షన్ అంటారు: 2012 ఆర్2లో 5.0, సర్వర్ 2016లో 8.0, 2019లో 9.0, 2022లో 10.0. పెంచితే వెనక్కి రాదు. 2012 ఆర్2 నుంచి తెచ్చిన 5.0 వీఎం 2019 దాకా అలాగే నడుస్తుంది, 2022 మీద 8.0 కంటే తక్కువ నడవదు. కాబట్టి నేరుగా దూకేముందు మధ్య మెట్టు మీద పెంచుకోండి. సేవ్డ్ స్టేట్‌లో వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి తరలించండి. ఇంకొకటి, 2016 నుంచి ఇంటిగ్రేషన్ సర్వీసుల ఐఎస్ఓ హోస్టుతో రావడం లేదు, విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. 2003 లాంటి గెస్ట్‌కి అది అందదు గనక పాత హోస్టుని తుడిచేసే ముందు ఆ ఐఎస్ఓ కాపీ తీసి దాచుకోండి.

లినక్స్‌లోని కేవీఎంలో ఆ గొడుగు పేరు మెషిన్ టైప్. ఐ440ఎఫ్ఎక్స్ అనేది 1996 నాటి ఇంటెల్ చిప్‌సెట్ నమూనా, క్యూ35 2007 నాటిది. ఎక్స్‌పీ, 2003 వయసు వాటిని ఐ440ఎఫ్ఎక్స్ మీద, ఐడీఈ డిస్క్‌తో మొదట లేపండి. క్యూ35 మీద పెట్టి ఏహెచ్‌సీఐ (సాటా) డిస్క్ ఇస్తే మళ్లీ అదే 7బి. కేవీఎం సొంత వర్టియో డ్రైవర్లకి పైన చెప్పిన ఖాళీ డిస్క్ చిట్కాయే వర్తిస్తుంది. హోస్టులో క్యూఈఎంయూ (కేవీఎంలో వీఎంకి హార్డ్‌వేర్ చూపించే ప్రోగ్రాం) మారినప్పుడు పాత వెర్షన్ నంబరున్న మెషిన్ టైపులు కొన్ని తీసేసి ఉంటారు, అప్పుడు ఎక్స్ఎంఎల్‌లో ఇంకా మిగిలున్న వాటిలో అన్నిటికంటే పాతది ఎంచుకోండి, కొత్తది కాదు.

వరస విషయంలో నేనైతే ముందు సెంట్ఓఎస్‌తో మొదలుపెడతాను, పది నిమిషాల పని. తర్వాత 2003 కంట్రోలర్. 2008 ఆర్2 ఎలాగోలా నడుస్తోంది కాబట్టి స్నాప్‌షాట్లు ఈ రాత్రికి, టూల్స్ రేపటికి. 2000 ఆఖరికి. ఒకసారికి ఒకటే మార్పు, ప్రతి మార్పుకీ ముందు వీఎంఎక్స్ కాపీ. 2003కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జులై 14తోనే ఆగింది, 2008 ఆర్2కి 2020 జనవరి 14తో. లేచాక వాటిని విడి వీలాన్‌లో (వేరు చేసిన నెట్‌వర్క్‌లో) పెట్టి, అవసరమైన పోర్టులు తప్ప అన్నీ మూసేయండి. వాటిలోని అప్లికేషన్‌ని ఎప్పుడు ఎక్కడికి మార్చాలన్నది మీ పైవాళ్లతో విడిగా మాట్లాడుకోవాల్సిన విషయం, ఈ వారం పనిలో దాన్ని కలపకండి.

2000 వీఎం సంగతి ఇంకా తేలకపోతే దాని తాజా లాగ్‌లో ఆఖరి యాభై వరుసలు, వీఎంఎక్స్ మొత్తం, ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా సైజులు తేదీలతో సహా పెట్టండి. స్నాప్‌షాట్ గొలుసు ఎక్కడ తెగిందో ఆ తేదీలు చూస్తేనే సగం తెలుస్తుంది.